బేస్‌మెంట్‌లో రాసిన ఒక లైను

కెనడాలో మేముండే ఏజాక్స్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో ఏ కంప్యూటర్ మొరాయించినా నాకే ఫోన్ వస్తుంది. నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నానన్నది ఒక కారణం. పిలిస్తే కాదనకుండా వెళ్తానన్నది ఇంకో కారణం. వెళ్లినచోట కాఫీ తాగుతూ, విండోస్‌కి బదులు నేను వాడే లైనక్స్ గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వడం నాకు అలవాటు. దాన్ని వాళ్లు మొహమాటానికి భరిస్తారని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాట నిజమని నేను ఒప్పుకునేలోపు ఒక పెద్దమనిషి పరువు ఖర్చయిపోయింది.

ఆయన్ని మేమంతా అంకుల్ అనే పిలుస్తాం. విండ్సర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆంటీ పోయాక మా ఇంటికి దగ్గర్లోని కాండో ఫ్లాట్‌కి మారారు. శనివారం పొద్దున్న పది గంటలకు ఇక్కడి తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెప్పేవారు. మొత్తం తొమ్మిదిమంది పిల్లలు. కూర్చుని పాఠం చెప్పడం ఆయనకు చేతకాదు. బోర్డు మీద అక్షరం రాసి, కంప్యూటర్ వైపు తిరిగి, ఒక్కొక్కరి చేత పలికించి, మళ్లీ బోర్డు దగ్గరకు వెళ్లేవారు. ఆ గంట కోసం శుక్రవారమే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకునేవారు. వారం మొత్తంలో ఆయన ఎదురుచూసే పని అదొక్కటే.

ఆయన పాత కంప్యూటర్ పాడైతే నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు. దాన్ని తుడిచి, కొత్తగా లైనక్స్ ఎక్కించి, ఏళ్ల తరబడి పోగుచేసుకున్న నా సొంత సెట్టింగ్స్ అన్నీ అందులో పెట్టాను. మా లాంటివాళ్లకు అవి అమ్మ చేతి ఆవకాయతో సమానం. ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకెళ్తాం, అడగనివాళ్లకు కూడా వడ్డిస్తాం.

రెండు వారాల తర్వాత అంకుల్ ఫోన్ చేశారు.

"బాబూ, పిల్లల మాట సరిగ్గా వినపడటం లేదు. సౌండ్ బాగా తగ్గిపోయింది."

ఆ సాయంత్రమే వెళ్లాను. పైకి కనిపించే వాల్యూమ్ గీత వంద దగ్గరే ఉంది. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, లోపల సౌండ్ కార్డుకి ఉండే అసలు మీటల్ని చూశాను. స్పీకర్ అని రాసి ఉన్న నిలువు గీత ముప్పై ఐదు దగ్గర ఆగి ఉంది. వందకు పెంచాను. ఒక పాత పాట పెడితే గది దద్దరిల్లింది.

"చూశారా అంకుల్, చిటికెలో అయిపోయింది" అన్నాను.

ఆయన స్క్రీన్ వైపే చూస్తూ, "బాగుంది. కానీ అది ముప్పై ఐదుకి ఎందుకు తగ్గిందంటావు?" అని అడిగారు.

"లైనక్స్‌లో అప్పుడప్పుడు అలా అవుతుంటుంది లెండి" అన్నాను.

ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్లు ఎవరైనా అలాంటి జవాబు చెబితే నేను ఊరుకోను. ఎందుకైందో తెలియకుండా బాగుచేసింది బాగుచేసినట్టు కాదని వాళ్లకు నీతులు చెప్పేవాణ్ణి నేనే. అదే ప్రశ్న ఒక ఫిజిక్స్ మాస్టారు అడిగితే మాత్రం ముసలాయన చాదస్తంలా వినపడింది.

మూడు రోజులకు మళ్లీ ఫోన్.

"నువ్వు వచ్చిన రోజు బాగానే ఉంది బాబూ. మర్నాటి నుంచి మళ్లీ మామూలే."

నాకు విసుగు పుట్టింది. నేను పెంచి వచ్చాను, నా చెవులతో విన్నాను. ఇక ఎలా తగ్గుతుంది? మళ్లీ వెళ్లలేదు. ఫోన్‌లోనే అడిగాను.

"గీత ఎంత దగ్గరుంది అంకుల్?"

"వంద దగ్గరే ఉంది."

"వంద అంటే వందే కదా అంకుల్."

ఆయన "ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం బాగానే వినిపిస్తోంది. కానీ ఆ తీగతో బోర్డు దగ్గరకు వెళ్లలేను" అన్నారు.

తీగలేనివి కొని ఇచ్చినా సరిపోయేది. నిజానికి ఆయన సమస్యను సగం విప్పి నా చేతిలో పెట్టారు. ఇయర్‌ఫోన్‌లో బాగుండి స్పీకర్‌లో బాగాలేదంటే తప్పు స్పీకర్ మీటలోనే ఉండాలి. చదువుకున్నవాడెవడికైనా తట్టాలి. నాకు మాత్రం ఇంకోటి తట్టింది.

"చెవి సమస్య అలాగే ఉంటుంది అంకుల్. దగ్గరగా పెట్టుకుంటే వినపడుతుంది, దూరమైతే వినపడదు. ఒకసారి చెవులు చూపించుకోండి. ఈ వయసులో మామూలే."

"అంతేనంటావా" అన్నారు. అంతేనన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. క్లాసు పిల్లల తల్లిదండ్రులతోపాటు నేనూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎవరో, అంకుల్ పిల్లల్ని పదేపదే మళ్లీ చెప్పమంటున్నారని, పిల్లలు విసుక్కుంటున్నారని రాశారు. నేను వెంటనే సమాధానం పెట్టాను. కంప్యూటర్ నేనే చెక్ చేశానని, అది బ్రహ్మాండంగా ఉందని, అంకుల్‌కి వినికిడి తగ్గిందని, అందరం కాస్త ఓపిక పట్టాలని. ఓపిక పట్టాలన్నందుకు పదిమంది దండం బొమ్మలు పెట్టారు. నేను చాలా మంచి పని చేశాననుకున్నాను.

మా వాళ్ల ఓపిక నెల రోజులుంది. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ నొప్పించకుండా, ఆయనకు శ్రమ ఎందుకని, క్లాసుని ఒక అమ్మాయికి అప్పగించారు. అంకుల్ గ్రూపులో "చాలా సంతోషం, పిల్లలకు ఆశీస్సులు" అని రాశారు. శనివారం పది గంటలకు ఆయన ఏం చేస్తున్నారో నేను అడగలేదు. ఎదురుపడితే నాలుగు మాటలు గట్టిగా మాట్లాడి వచ్చేసేవాణ్ణి.

ఎండాకాలం మొదట్లో నాకు కొత్త లాప్‌టాప్ వచ్చింది. అలవాటు ప్రకారం నా ఆవకాయ జాడీ అందులో ఒంపుకున్నాను. ఒక ఆదివారం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వార్తలు పెట్టుకుంటే ఏమీ వినపడలేదు. గీత వంద దగ్గరే ఉంది. ఈ కొత్త స్పీకర్లు పనికిమాలినవని తిట్టుకున్నాను. లోపలి మీట పెంచితే బాగైంది. మర్నాడు ఏదో అప్‌డేట్ కోసం కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ముప్పై ఐదు.

స్పీకర్లను తిట్టాను, తయారుచేసినవాళ్లను తిట్టాను. నా చెవుల్ని మాత్రం ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

ముప్పై ఐదు అన్న అంకెను చూసి చేతిలో పని ఆపేశాను. నా సెట్టింగ్స్‌లో వెతికితే దొరికింది. కంప్యూటర్ వేసిన ప్రతిసారీ స్పీకర్‌ని ముప్పై ఐదుకి దించమని ఒక లైను. దాని పక్కన ఇంగ్లిష్ అక్షరాలతో నేనే తెలుగులో రాసుకున్న గుర్తు: పైవాళ్లకు వినపడకూడదు.

కెనడా వచ్చిన మొదటి చలికాలం మేము ఒక ఇంటి నేలకింది గదుల్లో, బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. ఇంటివాళ్లు పైన ఉండేవారు. ఒకసారి లాప్‌టాప్‌లో మీటింగ్ గంట గట్టిగా మోగితే పైనుంచి కాలితో రెండుసార్లు నేలను తన్నారు. మా ఆవిడ భయపడిపోయి కుక్కర్ విజిల్‌ని కూడా గరిటెతో ఎత్తి పట్టుకునేది. ఆ రోజుల్లో రాసిన లైను అది. తర్వాత సొంత ఇల్లు కొన్నాం, గట్టిగా మాట్లాడటం నేర్చుకున్నాం, ఇంటికి వచ్చినవాళ్లకు బేస్‌మెంట్ కష్టాలు నవ్వుతూ చెప్పుకున్నాం. ఆ లైను మాత్రం అలాగే ఉండిపోయింది. నేను ఎప్పుడూ హెడ్‌సెట్‌లోనే వింటాను. లాప్‌టాప్ మూత మూస్తానే తప్ప ఆపను. అందుకే నాకు తెలియలేదు. అంకుల్ పాతకాలం మనిషి. రోజూ సాయంత్రం పద్ధతిగా కంప్యూటర్ ఆపి, ప్లగ్ కూడా తీసి పడుకుంటారు. తెల్లారి వేసేసరికి నా బేస్‌మెంట్ భయం ఆయన గదిలో నిద్ర లేచేది.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను ఓటి మద్దెల ఇచ్చి, ఆడేవాడి కాళ్లు పడిపోయాయని ఊరంతా చెప్పాను. తల కొట్టేసినట్టయింది. మా ఆవిడకు చెబితే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ముందు వెళ్లి ఆయనకు చెప్పండి" అంది.

వెళ్లి చెప్పాను. ఆ లైను తీసేసి, కంప్యూటర్ రెండుసార్లు ఆపి వేసి చూపించాను. అంకుల్ అంతా విని, "అయితే కారణం ఉందన్నమాట" అన్నారు. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. లెక్క తేలినప్పటి తృప్తి కనిపించింది. నాకు అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

"మీరు చెవులు చూపించుకున్నారా?" అని అడిగాను.

లేచి వెళ్లి సొరుగులోంచి ఒక కాగితం తెచ్చారు. వినికిడి పరీక్ష రిపోర్టు. వయసుకు తగ్గట్టుగా బాగానే ఉందని రాసి ఉంది. అది చలికాలంలోనే వచ్చింది.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అప్పటికే క్లాసు ఆ అమ్మాయికి ఇచ్చేశారు. నేను చెవిటివాణ్ణి కాదని కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరగమంటావా? పైగా కంప్యూటర్ బాగుందని నువ్వు రాశావు. అందరి ఇళ్లకూ వెళ్లి చేసిపెట్టేవాడివి. నీ మాట పోవడం ఎందుకు?"

గ్రూపులో నేనే రాస్తానన్నాను. నీ ఇష్టం అన్నారు. ఇంటికొచ్చి రాశాను. చదువుకుంటే అందులో నా తప్పు కన్నా సాంకేతిక వివరణే ఎక్కువగా ఉంది. చెరిపేశాను. మళ్లీ రాశాను, చెరిపేశాను. అలా మూడు వారాలు గడిచాయి. మా ఆవిడ మొదటి వారం రోజూ అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

క్లాసు సంవత్సరం ముగింపుకి కమ్యూనిటీ సెంటర్‌లో అందరం కలిశాం. తలా ఒక వంటకం తెచ్చుకున్నాం. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పిల్లలు పద్యాలు చెప్పారు. భోజనాలప్పుడు ఒక ఆంటీ ప్లేటు పట్టుకుని ఆయన చెవి దగ్గరకు వంగి, శంఖం ఊదినట్టు అరిచారు.

"అన్నయ్యగారూ, పులిహోర పెట్టమంటారా? పులిహోర!"

చుట్టూ ఉన్నవాళ్లు జాలిగా చూశారు. అంకుల్ ఒకసారి నా వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా చెయ్యెత్తి, చెవి వెనక దొప్పలా పెట్టుకుని, "ఆఁ? పులిహోరా? కొంచెం పెట్టమ్మా" అన్నారు.

నా మాట పోకుండా ఆయన తన చెవిని అడ్డుపెట్టారు. రిపోర్టు సొరుగులో దాచిన మనిషి, నా కోసం పదిమందిలో చెవిటివాడి వేషం కట్టారు. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"అంకుల్ చెవులు బాగానే ఉన్నాయి" అన్నాను. "తప్పు నేనిచ్చిన కంప్యూటర్‌ది. అందులో సౌండ్ తగ్గించింది నేనే. చూసుకోకుండా ఆయన మీద పెట్టాను. ఆయన క్లాసు నా వల్లే పోయింది."

ఉపన్యాసాలకు పెట్టింది పేరైన నేను ఆ నాలుగు మాటలూ గొణిగినట్టే అన్నాను. పక్క బల్ల వాళ్లు తలలు తిప్పారు. అవతలివాళ్లు తింటూనే ఉన్నారు. ఎవరో "పోనీలెండి, ఇప్పుడెందుకు" అన్నారు. చాలు, చెప్పేశాను కదా అని కూర్చోబోయాను.

అంకుల్ చెవి దగ్గర నుంచి చెయ్యి తీసేశారు. ముప్పై ఏళ్లు క్లాసురూముల్లో వాడిన గొంతుతో, మెల్లగానే, "వెనకవాళ్లకు వినపడలేదు బాబూ. కాస్త గట్టిగా చెప్పు" అన్నారు.

మళ్లీ లేచి, మొదటి నుంచి చెప్పాను.