ఎడం పట్టా మీద మావయ్య

అవును, అమ్ముతాను. నిన్న మావయ్య పదో రోజు భోజనాల దగ్గర వదిన అందరి ముందూ అడిగింది. ఇవాళ చెబుతున్నాను. మావయ్య కెమెరా, దాని నాలుగు లెన్సులూ అమ్మేస్తాను.

వదిన అన్న మాటలు విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. "ఊరందరికీ ఫోటోలు తీసినోడికి దండెయ్యడానికి ఒక్క ఫోటో నేదు. పక్కన్నే ఉన్నావు, అంత కెమెరా మెళ్ళో ఏసుకుని తిరిగినావు, ఒక్కటి తియ్యలేకపోనావేటి? నువ్వా డిజిటల్‌ది పట్టుకొచ్చి అయ్య కెమెరాని మేకుకి తగిలించీసిన రోజే అయ్య సగం సచ్చిపోనాడు. ఇప్పుడదీ అమ్మీ. అమ్ముకుని తినీ."

వదిన అంటే మావయ్య కూతురు, ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటుంది. మావయ్య నాకు సొంత మావయ్య కాదు. ఇక్కడ కలకత్తా వాట్‌గంజ్‌లో మన తెలుగువాళ్ళందరికీ ఆయన ఫోటో మావయ్యే. మన తెలుగు సంఘం వేసే పుస్తకంలో ఆయన గురించి రాయమని నన్నడిగారు. ఎనిమిదిలో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆయన పోయిన కబురు నాకు సాల్ట్ లేక్‌లో తెలిసింది. ఒక కంప్యూటర్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళ గుర్తింపు కార్డులకి ఫోటోలు తీస్తున్నాను. జేబులో ఫోను మోగింది. "అయ్య పోనాడు, నువ్వు రా," అంది వదిన. అంతే. ఎదురుగా కుర్చీలో ఒకమ్మాయి జుట్టు సర్దుకుని సిద్ధంగా కూర్చుని ఉంది. ఆమె వెనకాల వరసలో ఇంకా ఏడుగురు. నేను ఆ ఎనిమిది మందికీ ఫోటోలు తీసి అప్పుడు బయల్దేరాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలీదు.

ఆయన దగ్గర చేరేనాటికి నేను నాలుగు పనులు మానేసి ఉన్నాను. డాకులో, అంటే ఓడరేవులో, నాన్నతో పోయాను, గ్యారేజీలో ఉన్నాను, ఎక్కడా ఆరు నెలలు నిలవలేదు. నాన్న విసిగిపోయి మావయ్య స్టూడియోకి తీసుకెళ్ళి, "ఈడికి కుదురు నేదు బావా," అన్నాడు. మావయ్య నన్ను పైనుంచి కిందకి చూసి, "కుదురుగా నిలబడాల్సింది ఫోటో తీయించుకునేవోడు. ఈడు తిరిగితే నాకేటి," అన్నాడు. మర్నాటినుంచి వెళ్ళాను. అయిదేళ్ళు అయింది. నేను మానెయ్యని పని అదొక్కటే.

తెలుగు రాయడం నాకు అక్కడే వచ్చింది. బడిలో నేర్చుకున్నది బెంగాలీ, హిందీ. నెగెటివులన్నీ ఆయన ఖాకీ కవర్లలో పెట్టేవాడు. ప్రతి కవరు మీదా ఇంటి పేరు, ఊరు, ఏ పనికి తీసిందీ తెలుగులోనే రాయాలి. తప్పు రాస్తే తిట్టేవాడు కాదు, ఇంకో కవరు ఇచ్చేవాడు. ఒకసారి ఒకే ఇంటిపేరుకి ఏడు కవర్లు పాడు చేశాను. "పోన్లే, ఆ ఇంట్లో ఏడుగురు మనుషులున్నారు," అన్నాడు.

ఆదివారం పొద్దున్న లెన్సుల పని. కలకత్తా గాలిలో తడి ఎక్కువ. పెట్టెలో పడుకోబెట్టిన లెన్సుకి లోపల బూజు పడుతుంది, సాలెగూడులాగ. ఒకసారి పడితే తుడిచినా పోదు. అందుకని ప్రతి ఆదివారం నాలుగు లెన్సుల్నీ కిటికీ మీద తువ్వాలు పరిచి ఎండలో పెట్టేవాడు. తను పక్కనే బీడీ కాల్చుకుంటూ కాపలా కూర్చునేవాడు. "వాడని లెన్సుకి బూజు పడతాది. మనిషికైనా అంతే," అనేవాడు. ఇది నేను ఇక్కడ ఊరికే రాయలేదు. మళ్ళీ వస్తుంది.

ఇక బంద్ ఫోటోలు. ఇవి తెలియని తెలుగు ఇల్లు మన వాట్‌గంజ్‌లో ఉండదు గానీ, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను. డాకులో పనిచేసేవాళ్ళంతా పగటివేళ ఇంట్లో ఉండే రోజు ఏడాదిలో ఏది? బంద్ రోజే. లారీ ఉండదు, ట్రాం ఉండదు, రోడ్డు మొత్తం మనది. ఆ రోజు పొద్దున్నే అందరూ స్నానాలు చేసి, పెట్టెల్లోని బట్టలు కట్టుకుని రోడ్డు మీదకి వచ్చేవాళ్ళు. కుర్చీలు తెచ్చి ముసలాళ్ళని ట్రాం పట్టాల మధ్య కూర్చోబెట్టేవాళ్ళు. ఒక్కో ఇంటికి ఒక్క ఫోటో, ఊళ్ళో ఉన్నవాళ్ళకి పంపడానికి. బంద్‌కి పిలుపిచ్చింది ఎర్ర జెండా వాళ్ళా, వాళ్ళకి ఎదురు వాళ్ళా అని మావయ్య ఎప్పుడూ అడగలేదు. "బంద్ ఎవుడిదైతేనేటి, ఎండ మనది," అనేవాడు.

ఆయన నిలబడేది ఎప్పుడూ ఎడం పట్టా మీదే. మడమ ఇనుము మీద ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, చేత్తో ఫోకస్ తిప్పుతూ. మొదట్లో అది అలవాటు అనుకున్నాను. అడిగితే చెప్పాడు. "కుడి పట్టా మీంచి చూడు. కరెంటు స్తంభం ఎవుడో ఒకడి నెత్తి మీంచి మొలుస్తాది. మనం ఊరికి పంపే ఫోటోలో మనిషికి కొమ్ము ఉండకూడదు."

ఒక ఇంటికి ఒక్కసారే నొక్కేవాడు. రెండోది తీయమని ఎంత బతిమాలినా తీసేవాడు కాదు. "రెండోది ఉందని తెలిస్తే మొదటిదానికి సరిగ్గా నిలబడవు," అనేవాడు.

ఇప్పుడు వదినకి తెలియనిది.

కిందటి బంద్ నాటికి ఆయన కుడి కంట్లో పొర కమ్మింది. కెమెరాకి ఆనించే కన్ను అదే. నాకు అనుమానం ఉంది గానీ అడగలేదు. ఆ రోజు నా దగ్గర డిజిటల్ కెమెరా ఒకటి ఉంది, ధర్మతలాలో పెళ్ళి ఫోటోలు తీసే బెంగాలీ దాదాది, మనం అన్న అన్నట్టు వాళ్ళు దాదా అంటారు. వారం రోజులు వాడి చూడమని ఇచ్చాడు. మావయ్య ఎడం పట్టా మీద తీస్తుంటే, నేను సరదాగా కుడి పట్టా మీంచి అవే ఇళ్ళవాళ్ళని తీస్తూ ఉన్నాను. అది దానంతటదే ఫోకస్ చేసుకుంటుంది. నొక్కడమే పని.

మూడో రోజు ల్యాబ్ నుంచి మావయ్య రీలు ప్రింట్లు తెచ్చాను. మెట్ల మీద కూర్చుని కవరు విప్పాను. ఒక్కటీ సరిగ్గా లేదు. ముప్పై ఇళ్ళవాళ్ళూ నీళ్ళలోంచి చూసినట్టు ఉన్నారు. ఒక ముసలమ్మ ముఖం అయితే అసలు లేదు, చీర మాత్రం ఉంది.

నేను స్టూడియోలోకి వెళ్ళలేదు. తిన్నగా ల్యాబ్‌కి పోయి, డిజిటల్‌వి ప్రింట్లు వేయించి, అదే కవర్లో పెట్టి మావయ్య చేతికిచ్చాను. బాగా వచ్చాయన్నాను.

ఆయన బల్ల మీద పరిచి, భూతద్దంతో ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపు పట్టింది. చివరికి, "కొమ్ములు మొలిచినాయి," అన్నాడు.

నిజంగానే ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒకరి నెత్తి మీద ఆ స్తంభం ఉంది.

"నాయి ఎలాగొచ్చినాయి?"

"బాగా రాలేదు మావయ్యా."

"ఎన్ని?"

"అన్నీ."

తల ఊపాడు. కవర్లు తెమ్మన్నాడు. ప్రింట్లు కవర్లలో పెట్టి, పేర్లు నన్ను రాయమన్నాడు. రోజూలాగే వెనకాల స్టూడియో స్టాంపు వేస్తాడని ఇంకు డబ్బా తీశాను. వద్దన్నాడు. "అది నాను తీసినవాటికి." మీ ఇంట్లో ఆ ఫోటో ఉంటే తిప్పి చూడండి. స్టాంపు ఉండదు. వదినా, మీ ఇంట్లోది కూడా.

మర్నాడు ఆయనే కెమెరాని మేకుకి తగిలించాడు. నేను కాదు.

ఆ తరవాత ఆ డిజిటల్ కెమెరా చూపించమన్నాడు. వెనకాల తెర మీద బొమ్మలు ఎలా జరపాలో నేర్పించాను. జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగాడు. అందులో జనం లేరు. రెండు ఇళ్ళవాళ్ళు మారుతుండగా నేను పక్కకి తిరిగి నొక్కిన ఫోటో. ఎడం పట్టా మీద మావయ్య. మోకాళ్ళు వంచి, కెమెరాకి కన్ను ఆనించి, ఎదర ఎవరూ లేకపోయినా ఫోకస్ తిప్పుతూనే ఉన్నాడు. అప్పటికి ఆయనకి ఫోకస్ అందడం లేదని ఇప్పుడు చూస్తే తెలుస్తుంది.

"ఇది తీసీ," అన్నాడు.

ఏదో బటన్ నొక్కి, "తీసేశాను మావయ్యా," అన్నాను. తీసెయ్యలేదు. ఆయనకి నేనాడిన రెండో అబద్ధం అది.

వదినా, ఫోటో ఉంది. నిన్న లేదని నువ్వంటే ఊరుకున్నాను. ఇస్తే ఆ రోజు సంగతంతా చెప్పాలి. ఆయన కన్ను పోయిందని నలుగురికీ తెలియడం ఆయనకి ఇష్టం ఉండదనుకున్నాను. నిన్న భోజనాలయ్యాక మళ్ళీ ఆలోచించాను. స్టాంపు వెయ్యని మనిషి దాచమన్నట్టా?

అమ్మకం సంగతి. ఆయన జబ్బు చేసి స్టూడియో వెనక గదిలో మంచంలో ఉన్నప్పుడు దాదా వచ్చాడు. నేను ఏ కంపెనీ కెమెరా కొనాలా అని అప్పటికి నాలుగు నెలలుగా కొట్టుకుంటున్నాను. మావయ్య కెమెరా కంపెనీ డిజిటల్ కొంటే ఆ నాలుగు లెన్సులూ పడతాయి, కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. దాదా కంపెనీది కొంటే ఇవేవీ పట్టవు. కానీ ధర్మతలాలో పెళ్ళిళ్ళు తీసేవాళ్ళంతా అదే వాడతారు. ఒకడి లెన్సు ఇంకొకడు అడిగి పుచ్చుకోవచ్చు. దాదా విసుక్కున్నాడు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టావు భాయ్. ఏదో ఒక దాంట్లో కూర్చో." ఈ కెమెరాకి కొనేవాడు కూడా ఉన్నాడన్నాడు, ఇంకా రీలుతోనే తీసే కాలేజీ కుర్రాడు.

నేను మావయ్య కంపెనీదే కొంటానన్నాను. లెన్సులు పారెయ్యలేనన్నాను.

మావయ్య మంచం మీంచి విన్నాడు. "నీకు చెయ్యి తిప్పడం వచ్చా?" అన్నాడు. కొంచెం వచ్చన్నాను. "కొంచెం వచ్చినోడు నా లెన్సులు పట్టుకుని నా ముఖం చూసి తిప్పుతాడు. జనం ముఖాలు పోతాయి. ఆ అబ్బాయి కంపెనీదే కొను. ఇయి అమ్మీ." ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "కెమెరా ఏదైనా తెచ్చుకో. నిలబడేది మాత్రం ఎడం పట్టా మీద."

సరేనన్నాను గానీ అమ్మలేదు. దాదా దగ్గర పాత డిజిటల్ కెమెరా ఒకటి తీసుకుని సాల్ట్ లేక్ పనుల్లో పడ్డాను. ఆదివారం లెన్సులు ఎండలో పెట్టమని మంచం మీంచి రెండుసార్లు గుర్తు చేశాడు. పెడతానన్నాను. ఈ వానాకాలం అంతా ఒక్క ఆదివారం కూడా పెట్టలేదు. ఆయన పోయిన మూడో రోజు లెన్సుల సంచి విప్పితే ఒక లెన్సులో బూజు ఉంది. ఆయన ఎక్కువగా వాడినదే. కిటికీ దగ్గర వెలుగుకి పట్టుకుని చూస్తే లోపల అంచునుంచి తెల్లటి దారాలు.

కెమెరానీ, లెన్సుల్నీ అమ్మకుండా అద్దాల బీరువాలో పెట్టి దీపం వెలిగిస్తానని వదిన అంటోంది. నీ ప్రేమ నాకు తెలుసు వదినా. కానీ ఆ బీరువాలో మిగతా మూడింటికీ బూజు పడుతుంది. అందుకే అమ్ముతాను. ఆ కుర్రాడికి బూజు ఉన్నదాని సంగతి చెప్పి, అది ఊరికే ఇచ్చేస్తాను. మిగతావి ప్రతి ఆదివారం ఎండలో పెట్టాలని కూడా చెబుతాను. పెడతాడో లేదో చూడ్డానికి ఒకటి రెండుసార్లు వాళ్ళింటికి పోయినా పోతాను.

మావయ్య ఫోటో, దాదా కెమెరా తిరిగిచ్చే ముందు కాపీ చేసి దాచుకున్నది, నిన్న సాయంత్రమే ప్రింటు వేయించాను. వెనకాల స్టాంపు వెయ్యలేదు. ఖాకీ కవర్లో పెట్టి, పైన ఇంటి పేరు, ఊరు రాశాను. ఏ పనికి తీసింది అన్నచోట ఏం రాయాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. 'ఇంట్లో పెట్టుకోవడానికి' అని రాశాను.

ఇవాళ బంద్. పొద్దున్నుంచి లారీ చప్పుడు లేదు. ఈ ఏడు ఎవరూ బయటికి రారనుకున్నాను. కానీ కింద రోడ్డు మీద కుర్చీలు లాగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇప్పుడే వదిన గొంతు.

"ఏటిరా, రాస్తానే ఉన్నావా? ముసలాళ్ళు ఎండలో కూకున్నారు. వస్తావా, రావా?"

నిన్న అన్ని మాటలన్న మనిషే. ఏక్‌బాల్‌పూర్ నుంచి నడిచి వచ్చింది. వాళ్ళాయన్నీ, పిల్లల్నీ తెచ్చి వరసలో నిలబెట్టింది.

కిటికీలోంచి కనిపిస్తున్నారు. స్తంభానికి ఇవతల, పట్టాల మధ్య, చొక్కాలు సర్దుకుని, చీరలు లాక్కుని. ఎవరూ చెప్పకుండానే అందరూ ఎడం పట్టా వైపే చూస్తున్నారు. అక్కడ ఎవరూ లేరు.

నేను వెళ్ళాలి.