నేను అందించిన నెల

ఒక మాట ఏళ్లుగా నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు చెప్పలేదు. గుడికి వెళ్లినప్పుడు కూడా, దేవుడికి తెలియదా ఏమిటి అనుకుని తప్పించుకున్నాను. మీకు చెబుతున్నానంటే మీరు నన్ను ఎరగరు కాబట్టే. పేరు మాత్రం అడగకండి.

నేను ఫిజియోథెరపిస్టుని. హైదరాబాద్‌లో చదివి, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మాస్టర్స్ చేసి, వారమంతా ఆసుపత్రి షిఫ్టుల్లో నలిగి, శని ఆదివారాలు పక్క ఊరి ఐస్ హాకీ జట్టుకు పనిచేసేవాణ్ణి. హాకీ అంటే పచ్చిక మీద కర్ర పట్టుకుని పరుగెత్తడమే అనుకున్నవాణ్ణి. మంచు మీద మనుషులు ఒకరినొకరు గోడకేసి గుద్దుకుంటుంటే మొదట్లో అది ఆటలా అనిపించలేదు, తగాదాలా అనిపించింది. జట్టులో అందరూ నన్ను 'డాక్' అనేవారు. నేను డాక్టర్ని కానని ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు బాగుండేది. ఈ దేశంలో నా పేరు పలకలేక అవస్థపడ్డవాళ్లే గానీ, ముద్దుగా ఇంకో పేరు పెట్టినవాళ్లు లేరు.

వాళ్లలో గ్రెగ్ డిఫెండర్. గోల్ కొట్టడం అతని పని కాదు, కొట్టనివ్వకపోవడం అతని పని. బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల దూసుకొస్తుంటే మనలాంటివాళ్లం తప్పుకుంటాం, అతను అడ్డం పడతాడు. ఏళ్ల తరబడి అలాగే అడ్డం పడ్డాడు. ముందు పళ్లు పెట్టుడువి. గోల్ కొట్టినవాడికి పాటలు పాడే జనం అతను ఆపినప్పుడు మంచు చుట్టూ ఉండే గాజు పలకలను చేతులతో బాదేవారు. అతనికి అది చాలు. కొత్తలో జట్టు బస్సులో నా పక్కన వచ్చి కూర్చున్నది అతనే. మా ఇంట్లో కారానికి కళ్ల నీళ్లు కారుతున్నా పచ్చిపులుసు మళ్లీ పోయించుకున్నదీ అతనే.

లండన్‌లో ఒలింపిక్స్ అయిపోయిన ఆ చలికాలం, ఒక ఆదివారం సాయంత్రం మ్యాచ్. అవతలి జట్టువాడు వెనకనుంచి గుద్దితే గ్రెగ్ తల గోడకు తగిలింది. లేచాడు. తనంతట తానే నడిచి లోపలి గదికి వచ్చాడు. తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి కొన్ని ప్రశ్నలు అడగాలి. ఏ ఊళ్లో ఉన్నాం? చివరి గోల్ ఎవరు కొట్టారు? నెలల పేర్లు వెనకనుంచి చెప్పు. తడబడితే ఆ రోజుకు ఆట లేదు. ఆ మాట చెప్పాల్సింది నేను. అప్పటికే మా డిఫెండర్లు ఇద్దరు దెబ్బలతో కూర్చున్నారు. కోచ్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. గడియారం చూశాడు.

ఊరు చెప్పాడు. గోల్ చెప్పాడు. నెలలు మొదలుపెట్టాడు. డిసెంబర్, నవంబర్, అక్టోబర్, సెప్టెంబర్. అక్కడ ఆగిపోయి నా మొహంలోకి చూశాడు.

ఆ చూపు నాకు తెలుసు. ఇంటర్ పరీక్ష హాల్లో ముందు బెంచీవాడు వెనక్కి తిరిగి చూసే చూపు. మా కాలేజీలో అలా తిరిగినవాడికి జవాబు అందించకపోతే మనిషి కింద జమ కట్టేవారు కాదు. నేను ఎంతమందికి అందించానో, నాకు ఎంతమంది అందించారో! దాన్ని మేమెప్పుడూ మోసం అనుకోలేదు, స్నేహం అనుకున్నాం. కోచ్‌కు నా వీపే కనిపిస్తోంది. నా పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. ఆగస్టు. అతను అందుకుని జనవరి దాకా వెళ్లిపోయాడు.

"బాగానే ఉన్నాడు" అన్నాను కోచ్‌తో.

ఎందుకన్నాను? అతనికి ఆడాలని ఉంటుందని, వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని, స్నేహం కొద్దీ చేశానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే గ్రెగ్ మొహం కంటే తలుపు దగ్గరి కోచ్ మొహమే ఎక్కువగా కనిపిస్తోంది, మ్యాచ్ పోగొట్టిన పరాయివాడిగా బస్సెక్కాల్సి వస్తుందన్న బెదురు, 'డాక్' అనే పిలుపు పోతుందేమోనన్న దిగులు కనిపిస్తున్నాయి. అంత చిన్న కారణం. సిగ్గేస్తుంది.

కాసేపటికి రెండో దెబ్బ. పెద్దదేం కాదు, ఎవరిదో భుజం తగిలింది. ఈసారి లేవలేదు. మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. వెలుతురు పడదు, చప్పుడు పడదు, మొదలుపెట్టిన మాట మధ్యలో జారిపోతుంది. వీడ్కోలు రోజున జనమంతా లేచి చప్పట్లు కొడుతుంటే అతను చెవులు మూసుకున్నాడు. నేనూ లేచి కొట్టాను.

ఇక్కడితో అయిపోతే, హడావుడిలో జరిగిన తప్పు అని మీరైనా అనేవారేమో. అయిపోలేదు.

నేను జట్టు మానేసిన కొన్నేళ్లకు, ఒక మధ్యాహ్నం గ్రెగ్ కాఫీకి పిలిచాడు. వెలుతురు పడని మూల చూసుకుని కూర్చున్నాడు. ఆ మ్యాచ్ అతనికి బొత్తిగా గుర్తులేదు. భార్య మాత్రం మర్చిపోలేదట. ఆట పిచ్చితో నువ్వే అబద్ధం చెప్పి మళ్లీ వెళ్లి ఉంటావు, నన్నూ పిల్లనీ ఒక్కసారైనా తలుచుకున్నావా అని నిలదీస్తోందట.

"డాక్, నిజం చెప్పు. ఆ రోజు నేను నిన్ను మోసం చేశానా? బాగానే ఉన్నానని నమ్మించానా?"

తలుపు దగ్గర ఎవరూ లేరు. తొందరేమీ లేదు. కాఫీ కప్పు పక్కకు జరిపాను.

"ఆడతానని చాలా పట్టుబట్టావు, గ్రెగ్."

అబద్ధం. ఆ రోజు అతను అలాంటి మాటే అనలేదు.

తల ఊపాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "సారీ, డాక్. నీ ఉద్యోగానికి ముప్పు తెచ్చి ఉండేవాణ్ణి."

"పరవాలేదులే" అన్నాను.

చూశారా? అతన్ని నేను క్షమించాను! ఇంటికొచ్చి, గ్రెగ్‌ను కలిశానని చెబితే మా ఆవిడ "పాపం, గంత మంచి మనిషి. నువ్వంటే ఎంత నమ్మకం జూసినవా?" అంది. అన్నం కలుపుకుంటూ తల ఊపాను. తినగలిగాను కూడా.

ఆ సాయంత్రమే అతను భార్య దగ్గరికి వెళ్లి, నువ్వన్నదే నిజమని ఒప్పుకున్నాడట. పాత జట్టువాడొకడు తర్వాత చెప్పాడు. కొన్నాళ్లకు ఆమె పిల్లను తీసుకుని వేరే ఫ్లాట్‌కు వెళ్లిపోయింది. నా మాట వల్లేనా? ఇంకేవైనా కారణాలున్నాయా? ఉండాలని ఎంత కోరుకున్నానో మీకెలా చెప్పను.

అతనికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మీకు మాటివ్వలేను. క్షమించమనీ అడగను, క్షమించాల్సింది మీరు కాదు. గ్రెగ్ ఎవరినీ మోసం చేయలేదు. ఆ అబద్ధాలు రెండూ నావి. ఈ ముక్క రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. అతని ఇంట్లో మాత్రం ఇప్పటికీ అబద్ధాలకోరు అతనే.