రంగూన్‌లో చెంబు ఎత్తి తాగిన రోజు

నాకు అక్షరాలు యాభయ్యో ఏట వచ్చాయి. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు మామిడికుదురు నుంచి రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో చేరాను. అక్కడ మన కోనసీమ వాళ్ళం కొందరం కలిసి అంటరానితనం మీద పది నిమిషాల మూగ సినిమా తీశాం. కథలో ఊరవతల మా పేట పాలేరు దోసిలి పట్టకుండా, కామందు చేతిలోని చెంబు అందుకుని నీళ్ళు తాగాలి. పాలేరు వేషం నాది. కామందు వేషం కొత్తపేట సుబ్బారాయుడుగారిది. ఆయనా నాతోపాటు బస్తాలు మోసే మనిషే, ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం.

కెమెరా తిరగగానే నేను రెండడుగులు వెనక్కి వేసి, నడుం వంచి దోసిలి పట్టాను. రెండోసారీ అంతే.

కెమెరా పట్టిన అక్కడి తెలుగు బడి మాస్టారు తల పట్టుకున్నారు. "ఇంక ఒక్కసారికే రీలుందండి. ఇదీ పోతే సినిమా లేదు."

"ఏటయ్యా దావీదూ, పొద్దున్న నా కంచంలో చెయ్యెట్టి పులుసన్నం తిన్నావు కదా, ఇప్పుడేటి?" అన్నారు సుబ్బారాయుడుగారు.

"ఆయ్, అప్పుడు తమరు లుంగీలో ఉన్నారండి. ఈ జరీ కండువా చూస్తే నా నడుం నా మాట వినట్లేదు."

అందరూ నవ్వారు.

మూడోసారి చెంబు లాక్కుని గటగటా తాగాను. "చాలు" అని మాస్టారు కేకేసినా ఆపలేదు. చొక్కా తడిసిపోయింది.

సినిమా చూసినవాళ్ళు బాగా నటించావన్నారు. నటించింది ఆ ఒక్కసారే. కత్తిరించి పారేసిన ఆ రెండుసార్లూ నేను అప్పటిదాకా బతికిన బతుకు. ఆ రోజు తర్వాత ఎవరి ముందూ దోసిలి పట్టలేదు.