శివలీల మార్చుకున్న గ్రూపు

2012 జూన్. కోడుమూరు వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేను లెక్కల లెక్చరర్ని. పదో తరగతి పాసైన పిల్లలు ఇంటర్‌లో తీసుకునే గ్రూపును బట్టే పై చదువులుంటాయి. లెక్కలున్న ఎంపీసీ ఇంజనీరింగ్‌కు. బాటనీ, జువాలజీ ఉన్న బైపీసీ వైద్యానికి, వ్యవసాయానికి. అడ్మిషన్ల రోజుల్లో వరండాలో బల్ల వేసుకుని దరఖాస్తులు నింపేదాన్ని. ఆ సందడి తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

శివలీల వాళ్ల నాయన మద్దిలేటితో వచ్చింది. ఆయనది నాలుగెకరాల వేరుశనగ, వానమీదే పంట. పిల్లకు లెక్కల్లో తొంభై ఎనిమిది! "మేడం, బైపీసీ..." అని ఏదో అనబోయింది. ఇన్ని మార్కులొచ్చి బైపీసీ ఏమిటని నవ్వేసి, ఎంపీసీ అని రాసేశాను. ఆ ఏడు ఎంపీసీలో ఆడపిల్లలు నలుగురే. ఐదో పేరు రాశానన్న సంబరం నాది.

"ఇంజనీరు అయితాదా మేడం?" అన్నాడు మద్దిలేటి.

"ఎందుకు కాదన్నా!"

శ్రావణమాసంలో నోట్సులు దిద్దుతుంటే శివలీల పుస్తకం చివరి పేజీల్లో వేరుశనగ ఆకుల బొమ్మలు కనిపించాయి. మచ్చ ఏ రోజు వచ్చింది, ఏ నాగటి సాలులో మొదలైంది, అన్నీ రాసుంది. పిల్లను పిలిచాను.

"మా శెనక్కాయ చేను మేడం. పోయినేడు ఆకుమచ్చ తగిలి అంతా పాయ. ఎందుకొచ్చిందో ఎవురూ చెప్పల్యా. నేనే తెలుసుకోవల్లనుకున్యా."

"మరి ఆ రోజే గట్టిగా చెప్పకపోయావా?"

"చెప్పబోతి మేడం. మీరు అప్పటికే రాసేసినారు."

గ్రూపు మార్చుకోవడానికి ఇంకా మూడు రోజులే గడువు. తండ్రి సంతకం కావాలి. మరునాడు పిల్లతో కలిసి బస్సెక్కి వాళ్ల చేనికి వెళ్లాను. మద్దిలేటి మండిపడ్డాడు.

"ఈ మన్ను నుంచి బయటపడల్లనే కదా సదివిస్తాండా! ఇంజనీరని ఊరంతా చెప్పుకుంటి. మళ్లా ఈ మన్నే అంటే ఎట్ల మేడం?"

"తప్పు నాదే అన్నా. బిడ్డ మాట వినకుండా రాసేశాను."

ఆయన తల తిప్పుకున్నాడు. శివలీల చేలోకి పోయి ఒక ఆకు తెంపుకొచ్చింది.

"చూడు నాయనా, ఈ సాలులోనే మొదలైండాది. పోయినేడూ ఈడ్నే. మచ్చ తగిలిన పాత చెత్త మనం తీసెయ్యకుండా ఈడ్నే దున్నేసినాం."

మద్దిలేటి ఆకును తిప్పి తిప్పి చూశాడు. "మా తాత కాడ్నించి ఈ చేను చేస్తాండాం. ఇట్లా ఎవురూ చూసిండ్ల్యా," అన్నాడు. చేతులు పంచెకు తుడుచుకుని కాగితం అడిగాడు.

రెండు నెలల బాటనీ పాఠాలు పోయాయి. శివలీల తోటిపిల్లల నోట్సులు రాసుకుంటూ చాలా కష్టపడింది. మొదటిసారి అగ్రికల్చర్ బీఎస్సీలో సీటు రాలేదు. ఆ సంగతి చెబుతూ పిల్ల ఫోను చేసిన రోజు నాకు అన్నం సహించలేదు. మరుసటి ఏడు వచ్చింది. ఇప్పుడు ఆత్మకూరు వైపు వ్యవసాయాధికారి. చేలల్లోంచే నాకు ఫోన్ చేస్తుంది, వెనక రైతుల మాటలు వినబడుతుంటాయి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మార్కుల జాబితా పక్కన పెట్టి ముందు పిల్లలతో మాట్లాడేదాన్ని. ఒక్కొక్కరు నోరు విప్పడానికి చాలాసేపు పట్టేది. వరసలో వెనకున్నవాళ్లు విసుక్కునేవాళ్లు. విసుక్కోనీ అనుకునేదాన్ని. పదహారేళ్ల పిల్ల పెద్దవాళ్ల ముందు తన ఇష్టాన్ని ఒక్కసారే చెబుతుంది, అదీ సగమే. మిగతా సగం అడగాల్సింది మనమే.