ఎండు నెలల గిన్నె

ఏటా బడి మూసే రోజు సాయంత్రం గదులన్నీ కడిగి, బెంచీలు గోడకు చేర్చి, తాళాల గుత్తి అప్పజెప్పాక, ఆయమ్మ ఆఫీసు గదిలో ఒక కాగితం మీద సంతకం పెట్టేది. 'నా సొంత కారణాల వల్ల, ఇష్టపూర్వకంగా ఈ ఉద్యోగం మానుకుంటున్నాను' అని అందులో ముందే టైపు చేసి ఉండేది. రెండు నెలలు గడిచి బడి తెరిచే రోజు ఇంకో కాగితం, 'దయచేసి నాకు పని ఇప్పించగలరు' అని. సెలవుల్లో జీతం ఎగ్గొట్టడానికీ, ఏళ్ళ తరబడి చేసిన చాకిరీ ఏ లెక్కలోకీ రాకుండా చూసుకోవడానికీ బడికి ఆ రెండు కాగితాలు చాలు. ఈ సంగతి ఆయమ్మకు తెలియక కాదు. మొదటి ఏడు అడిగింది కూడా. "ఇష్టం లేకపోతే పెట్టొద్దమ్మా, బయట పదిమంది నిలబడి ఉన్నారు" అన్నాడు మేనేజరు. కసురుకోలేదు, మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదకే ఆమె సంతకం పెట్టేసింది. ఆ తర్వాత అడగలేదు.

మానేసేదీ తనే, మళ్ళీ బతిమాలేదీ తనేనని ఇంటికొచ్చి చెప్పుకుంటే అత్త నవ్వింది. "ఏటా విడాకులు, ఏటా పెళ్ళీ. ఒక్కసారైనా విందు పెట్టాడా మీ మేనేజరు?" అంది. కొడుకు పోయి చాలా కాలమైనా ఆ ముసలమ్మ కోడలి దగ్గరే ఉండిపోయింది. ఒక గది, రెండు మంచాలు, నోరు మాత్రం అత్తది ఒక్కటే.

పది నెలల జీతంతో పన్నెండు నెలలు తినాలి. ప్రతి నెలా జీతంలో ఆరో వంతు ముట్టకుండా తీసి పెడితేనే ఆ రెండు నెలలూ పొయ్యి వెలుగుతుంది. అందుకని ఆయమ్మ సబ్బును అడ్డంగా కోసి సగమే బయట పెట్టేది. పళ్ళపేస్టు గొట్టాన్ని చివర్లో కత్తెరతో చీల్చి గీకేది. గదికీ వంటింటికీ మధ్య గోడలో చిన్న కంత చేయించి అందులో బల్బు బిగించింది. ఒక్క బల్బుతో అటు వంట, ఇటు మంచాలు. ఇన్ని చేసినా, ఒక జ్వరం వస్తే చాలు, ఆ ఆరో వంతు మందుల కొట్టుకు నడిచి వెళ్ళిపోయేది.

ఆ వీధిలో ఇలాంటి ఇళ్ళు ఇంకో రెండు ఉన్నాయి. ఎదురింట్లో గోడలకు రంగులేసే పెయింటరూ, పెళ్ళామూ, ఇద్దరు ఆడపిల్లలూ. వానలు పడే రెండు నెలలు అతనికి పని ఉండదు. తడి గోడ మీద రంగు నిలవదు కదా. పక్కింట్లో టైలరక్క, ఆమె తమ్ముడూ. తమ్ముడికి పుట్టుకతోనే కాళ్ళు రావు. దీపావళి వెళ్ళాక చలి మొదలయ్యే రెండు నెలలు టైలరక్క మిషను మూలన పడి ఉండేది. సంక్రాంతి కుట్లకూ బడి దుస్తులకూ ఇంకా టైముంటుంది, కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఉండరు. ఒకరికి ఎండల్లో ఎండు, ఒకరికి వానల్లో ఎండు, ఒకరికి చలిలో ఎండు. దేవుడు ఆకలిని కూడా వంతులేసి పంచాడని ముసలమ్మ అనేది.

ఆ వంతుల్లోంచే గిన్నె పద్ధతి పుట్టింది. ఎండు నెలలు నడుస్తున్న ఇల్లు పొద్దున్నే తన పెద్ద గిన్నెను పక్క ఇంటి గడప మీద పెట్టేస్తుంది. అది నిండి తిరిగి వస్తుంది. ఒక పూట ఒక ఇల్లు, ఇంకో పూట ఇంకో ఇల్లు. నోరు తెరిచి అడగడం లేదు, పెట్టినవాళ్ళు గుర్తు చేయడం లేదు. కొన్నేళ్ళు ఇది బాగానే సాగింది. తర్వాత వీధిలోకి ఒక వ్యాను డ్రైవరు వచ్చి చేరాడు. బండి పాడైందని ఒక నెల, నడుము పట్టేసిందని ఒక నెల, ఏదో ఒక సాకుతో ఏడాది పొడుగునా గిన్నె పెట్టాడు. తను నింపాల్సిన వంతు వచ్చేసరికి చెప్పాపెట్టకుండా ఊరు మారిపోయాడు. చివరిరోజు అన్నం పెయింటరు గిన్నెలో పెట్టి పంపారు, దాన్ని కూడా పట్టుకుపోయాడు. ఆ కోపంలో ఆయమ్మే కొత్త మాట పెట్టింది. ఎవరి నెలల్లో వాళ్ళే గిన్నె పెట్టాలి, జబ్బులకూ రిపేర్లకూ ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలి అని. మిగతావాళ్ళు కాదనలేకపోయారు.

బడిలో చేరిన పద్దెనిమిదో ఏడు వానల్లో ఒక సాయంత్రం కంతలో బల్బు చుట్టూ రంగుల వలయం కనబడింది ఆయమ్మకు. బల్బు పోతోందనుకుంది. చల్లారాక విప్పి, గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించింది. వలయం పోలేదు. అత్తను అడిగితే తనకేమీ కనబడలేదంది. "నాకంటే ముందే ముసలైపోదామనుకుంటున్నావా, వరస తప్పుతోంది" అంది. వారం తిరిగేసరికి బడి వరండాలో ఎడమపక్క పెట్టిన బకెట్టును ఆయమ్మే తన్నేసుకుంది. మర్నాడూ అంతే. ఎడమవైపు లోకం అంచులు ఎవరో కొద్దికొద్దిగా మడతపెడుతున్నట్టు ఉంది.

ఒక పూట సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్ళింది. కంటిలో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందని, ఎడమ కన్నుకు నెల లోపల ఆపరేషను చేయించుకోవాలని, అందాకా రెండు కళ్ళలోనూ రెండు పూటలా చుక్కలు వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషనుకు డబ్బు అక్కర్లేదు. కానీ నెల రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు. "పోయిన చూపు తిరిగి రాదు, గుర్తు పెట్టుకో" అని రెండుసార్లు చెప్పింది.

నెల రోజులు వంగకుండా, బకెట్టెత్తకుండా ఆయా పని ఎలా అవుతుంది? నెల జీతం పోతుంది. అప్పుడు పెయింటరు ఇంటి నలుగురూ ఆమె గడప మీద గిన్నె పెట్టి ఉన్నారు. ఆమె పొయ్యి ఆరితే మూడిళ్ళ తిండీ టైలరక్క ఒక్కర్తి మిషను మీద పడుతుంది. పైగా ఇవి తన నెలలు కావు. ఆ మాట పెట్టిందే తను. నడుచుకుంటూ ఇంటికొచ్చేలోపు ఆయమ్మ లెక్క తేల్చేసుకుంది. సెలవులకు ఇంకా ఎనిమిది నెలలే. ఎలాగూ జీతం లేని రోజులే, అప్పుడు చేయించుకోవచ్చు. అత్తకు మాత్రం కళ్ళు మంటలు, చుక్కలిచ్చారు అని చెప్పింది.

చుక్కల సీసా చిన్నది, ధర పెద్దది. నెలకొకటి కొనమన్నారు. సబ్బును సగం చేసినట్టే ఆయమ్మ చుక్కలనూ సగం చేసింది. తర్వాత ఆ సగాన్నీ సగం చేసింది. రోజు విడిచి రోజు, ఒక్క పూటే. అలా ఒక్క సీసా చలికాలం దాకా వచ్చింది. పొదుపు చేతనైనవాళ్ళకు వచ్చే తృప్తి ఒకటుంటుంది. సీసాను వెలుగుకు పట్టి, ఇంకా మిగిలి ఉందని చూసుకునేటప్పుడు ఆమె మొహంలో ఆ తృప్తి కనబడేది.

చలి మొదలయ్యాక టైలరక్క నెలలు వచ్చాయి. ఒక పొద్దున ఆయమ్మ నిండు గిన్నె పట్టుకుని పక్కింటి గడప ఎక్కబోయింది. ఎడమకాలు మెట్టు అంచును తప్పింది. గిన్నె వీధిలో బోర్లా పడి, అన్నమూ కూరా మట్టి పాలయ్యాయి. ఆమె కూలబడి, రెండు చేతులా పైపైన ఉన్నదాన్ని ఎత్తడం మొదలుపెట్టింది. టైలరక్క గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది.

"పోతే పోయిందిలే, లే. మూత ఎక్కడుందో చూడు."

"చూస్తున్నానక్కా."

మూత ఎడమచేతికి జానెడు దూరంలో ఎండకు మెరుస్తోంది. ఆయమ్మ చెయ్యి దాని చుట్టూ నేలను తడుముతోంది. టైలరక్క మెట్టు దిగి వచ్చి, తన అరచేతితో ఆమె కుడికన్ను మూసింది.

"నేనెక్కడున్నాను?"

ఆయమ్మ మొహం అటూ ఇటూ తిప్పింది. "వెలుగు ఉందక్కా" అంది.

"ఎన్నాళ్ళయింది?"

"వానల్లో మొదలైంది."

"చెప్పి చావొచ్చు కదే."

"నా నెలలు కావు కదా."

"కళ్ళు పోవడానికి కూడా సెలవులు రావాలా నీకు?" అని టైలరక్క అక్కడే, మట్టిలోనే కూర్చుని ఏడ్చింది. ఆయమ్మ ఏడవలేదు. చేతిలో ఉన్న అన్నంలోంచి రాళ్ళు ఏరుతూ ఉండిపోయింది.

ఆ రోజే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ సీసాను చేతిలోకి తీసుకుని ఇది ఎప్పటిదని అడిగింది. ఆయమ్మ చెప్పింది. మూత తీసిన నెలకే పారెయ్యాల్సిన మందు అది. ఎడమ కన్ను అయిపోయిందంది డాక్టరమ్మ. కుడికంటి అంచులూ పోతున్నాయి, దానికి వెంటనే ఆపరేషను చేస్తే ఉన్నది నిలబడవచ్చు. చేశారు.

ఆ నెల పెయింటరు పెళ్ళాం రెండిళ్ళ గిన్నెలు నింపింది. పెయింటరు పగలు గోడలూ, సాయంత్రాలు చెక్క తలుపులూ ఒప్పుకున్నాడు. గిన్నె పెట్టనని ఆయమ్మ మొండికేస్తే ఆ ఇల్లాలే లోపలికొచ్చి అరమీద నుంచి తీసుకుపోయింది. "నువ్వు పెట్టిన రూలు నీ దగ్గరే ఉంచుకో వదినా. గిన్నె నాకివ్వు" అంది. ముసలమ్మ ఆ నెల ఒక్క జోకూ వెయ్యలేదు. వెలుగు కోడలి కళ్ళలో పడకుండా కంతలో బల్బుకు అడ్డంగా గుడ్డ కట్టి, తను చీకట్లోనే వంట చేసింది.

జీతం కోత వేయించుకుని ఆయమ్మ మళ్ళీ పనిలో చేరింది. ఒంటికన్నుతోనే అన్ని గదులూ తుడిచింది. ఎడమపక్క మూలలు వదిలేస్తోందని ఎవరూ అనకుండా ప్రతి మూలా రెండుసార్లు తుడిచేది. బడి మూసే రోజు ఎప్పటిలాగే కాగితం వచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలో మేనేజరే వేలు పెట్టి చూపించాడు.

బడి తెరిచే రోజు వెళితే ఆమె కోసం రెండో కాగితం లేదు. వరండాలో ఇంకో ఆమె, చిన్న వయసు మనిషి, తడిగుడ్డ పట్టుకుని ఉంది. కారణం అడిగితే మేనేజరు అదే మర్యాదతో చెప్పాడు. "నువ్వే మానేశావు కదమ్మా, నీ ఇష్టంతో." ఫైలు తీసి చూపించాడు. పద్దెనిమిది కాగితాలు, వరసగా, పద్దెనిమిది సంతకాలు. చివరిది కాస్త పక్కకు జారి ఉంది.

ఆయమ్మ గొడవ పెట్టుకోలేదు. బయటికొస్తూ ఆ కొత్తామె దగ్గర ఆగి, మూడో గది తాళం కొంచెం పైకెత్తి తిప్పితేనే వస్తుందని, వెనక కుళాయి కట్టినా కారుతుందని, కింద గుడ్డ వెయ్యకపోతే పిల్లలు జారిపడతారని చెప్పింది. ఆ పిల్ల తలూపింది. సంతకం గురించి కూడా చెబుదామనుకుంది కానీ మేనేజరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

రెండు ఎండు నెలలని లెక్క వేసుకున్న ఇల్లు అది. ఇప్పుడు పన్నెండూ ఎండు నెలలే. ఆయమ్మ టైలరక్క దగ్గర వేళ్ళతో తడుముకుంటూ గుండీలు కుడుతుంది. గిన్నె ఇంకా వెళుతోంది, నిండి వస్తోంది. ఈసారి వానల్లో పెయింటరు గిన్నె ఎవరి గడప మీదికి వెళ్ళాలో ఆ మూడిళ్ళలో ఎవరూ పైకి అనరు.

ఆ గిన్నెను చూసి ముచ్చటపడకండి. పేదవాళ్ళది ఎంత పెద్ద మనసో అని నాలుగు మంచి మాటలు అని వదిలెయ్యకండి. ఒక బడి పద్దెనిమిదేళ్ళు ఎగ్గొట్టిన జీతాన్ని ఒక పెయింటరూ ఒక టైలరూ తమ కంచాల్లోంచి చెల్లిస్తున్నారు, జరిగింది అంతే.

మీ పిల్లలు చదివే బడిలోనూ ఒక ఆయా ఉంటుంది. మీ పిల్ల ముక్కు తుడిచింది ఆమే, వాంతి కడిగిందీ ఆమే. ఆమెకు సెలవుల్లో జీతం ఇస్తున్నారా, ఏడాది చివర ఏ కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారు, ఈ రెండూ అడగండి. ఆమెను అడగకండి, ఆమె చెప్పే వీల్లేదు, చెప్పిందని తెలిస్తే ఆమె పనే పోతుంది. యాజమాన్యాన్ని అడగండి. తల్లిదండ్రుల సమావేశంలో లేచి, ఒక్కరు కాకుండా పదిమంది కలిసి, కాగితం మీద రాసి అడగండి. కింద మీ సంతకాలు పెట్టండి. సెలవులిచ్చాక అడిగి లాభం లేదు. ఆమె చేత సంతకం పెట్టించుకునే రోజు రాకముందే అడగండి.