ఏడో షెడ్డుకు రావలసిన బఠాణీలు

ఈ చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున, ఈ అరబ్బు దేశంలో, మంగఫ్‌లో మేముండే బిల్డింగు చుట్టుపక్కల వడగళ్ళు కురిశాయి. కురిశాయంటే నాలుగు రాళ్ళు టపటపమని రాలి ఆగిపోవడం కాదు. పావుగంటసేపు ఆపకుండా పడితే రోడ్డంతా కల్లుప్పు ఆరబోసినట్టు తెల్లబడిపోయింది. కార్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఎడారిలో మంచు పడిందని జనం ఫోన్లు పట్టుకుని కిందికి పరుగెత్తారు, మా గదివాళ్ళు బనియన్లతోనే దిగిపోయి, ఒకరి మీద ఒకరు విసురుకుంటూ ఊళ్ళో ఉన్న పెళ్ళాం పిల్లలకు వీడియోలో చూపించారు. నేను మాత్రం మెట్లెక్కి మిద్దె మీదికి పోయాను.

అక్కడ నీళ్ళు పోయే తూము వడగళ్ళతో పూడిపోయి ఉంది. బిల్డింగు కాపలాదారు చీపురుతో తంటాలు పడుతుంటే నేను పార అందుకుని, వడగళ్ళను ఒక ఖాళీ నూనె డబ్బాలోకి ఎత్తి, ఊరికి పోయేటప్పుడు సూటుకేసులు తూచుకునే చేతి కాటాకు తగిలించి చూశాను. డబ్బా పోను తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు. అది సిమెంటు మిద్దె, ఇలాంటివి ఎన్ని పడినా దానికేమీ కాదని నాకు తెలుసు. అయినా తూము తెరుచుకునేదాకా పార కింద పెట్టలేదు. కాపలాదారు నన్ను చూసి నవ్వి, ఎండ వస్తే అదే కరిగిపోతుంది కదా అన్నాడు. నేను ఆ డబ్బాను మోసుకుని గదికి వచ్చేశాను.

చలిదేశాల్లో మనుషులు ఇళ్ళ కప్పులెక్కి మంచును పారలతో తోసేసే వీడియోలు ఫోనులో వస్తుంటాయి. మా వాళ్ళు వాటిని వింతగా చూస్తారు. నాకు అందులో వింతేమీ కనబడదు, ఎందుకంటే మంచు లేని ఈ దేశంలోనే, కప్పు మీద పేరుకున్న బరువంటే ఏమిటో నేను మొదటి ఏడాదే తెలుసుకున్నాను. మనవాళ్ళలో ఆ రోజుల్లో వచ్చిన వారెవరైనా ఇది చదువుతుంటే వారికి చెప్పనక్కరలేదు, ఇక్కడ మంచు పనంతా ఇసుకే చేస్తుంది. గాలి లేచిందంటే రోడ్ల మీద అడ్డంగా దిబ్బలు పోస్తుంది, కప్పుల మీద ఎక్కి కూర్చుంటుంది, ఎండకు కరిగిపోయే మర్యాద కూడా దానికి లేదు.

అప్పటికి నేను వచ్చి ఎనిమిది నెలలు. మా అక్క మొగుడు, అంటే మా బావ, నాకంటే తొమ్మిదేళ్ళు ముందు వచ్చి, సబ్హాన్‌లో పప్పులూ గింజలూ నిలవచేసే గోదాములో పనిచేస్తూ, తనకు వీసా ఇచ్చిన యజమానిని, అంటే కఫీల్‌ను, బతిమాలి నాకూ అక్కడే చోటు ఇప్పించాడు. పది రేకుల షెడ్లు వరుసగా ఉండేవి. మూడో షెడ్డులో బావా, ఇంకో నలుగురూ పెద్ద బస్తాలు విప్పి చిన్న పొట్లాలుగా కట్టేవారు. నేను చదివింది ఏడో తరగతే అయినా, ఊళ్ళో వేరుశనగ మిల్లు దగ్గర బస్తాల గుట్టలను కళ్ళతో చూసి ఎన్నో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, నాకు లెక్క పని ఇచ్చారు. ఏ షెడ్డుకు ఏ సరుకు రాబోతుందో ముందుగానే దాని తలుపు మీద సుద్దముక్కతో రాసి, లారీ వచ్చాక ఎన్ని బస్తాలు దిగాయో దాని కింద వేయడం నా పని. పేర్లు తెలుగులోనే రాసుకునేవాణ్ణి, అంకెలు మాత్రం అందరూ చదవాలని ఇంగ్లీషువి. నోటి లెక్కంతా హిందీలో సాగేది, ఏక్, దో, తీన్ అని. అరబ్బీ నాకు అప్పటికి పది పన్నెండు మాటలకు మించి రాదు.

ఆ ఏడాది ఎండాకాలమంతా దుమ్ముగాలులు విడవకుండా వీచాయి. చలికాలం ముంగిట ఒక రోజు, గాలికి లేచిన రేకులు బిగించడానికి పైకెక్కిన మేస్త్రీకి మేకులు అందించే పని మీద నేనూ కప్పెక్కాను. మూడో షెడ్డు వాలూ నాలుగో షెడ్డు వాలూ కలిసేచోట ఇనుప కాలువ ఒకటి ఉండాలి. కాలువ కనబడలేదు. రేకులు ఎగిరిపోకుండా పెట్టిన పాత టైర్లన్నీ ఇసుకను పట్టి ఆపేసి, ఆ సందు ఈ చివరనుంచి ఆ చివరదాకా పూడిపోయి ఉంది. నా అలవాటు ఊరుకోదు కదా, అడుగులతో కొలిచాను. పొడవు తొంభై అడుగులు, వెడల్పు సరాసరి మూడు, లోతు ఒకటి. కిందికి దిగాక నూనె డబ్బా నిండా పొడి ఇసుక పోసి తూస్తే ఇరవై నాలుగు కిలోలు తూగింది, అదే ఇసుకను నీళ్ళతో తడిపి తూస్తే ముప్ఫై. పైన ఉన్నది ఐదు వందల పది డబ్బాలు. పొడిగా ఉంటే పన్నెండు టన్నుల చిల్లర. తడిస్తే ఇంకో మూడు టన్నులు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. బావ బట్టతల తడుముకుంటూ అందరినీ నవ్వించాడు.

“మా బామ్మర్ది ఇసక లెక్కపెడతాండాడు. రేపు నెత్తి మీది యెంట్రుకలు లెక్కపెడ్తాడు. నా కాడికి రావొద్దు సామీ, నాకుండేవే నలభై.”

మాలో అందరికంటే పెద్దవాడు, నాతోపాటు సరుకు దించే పనిలో ఉండే రాయచోటి సాయిబుగారు ఒకాయన ఉండేవాడు, ఆయనను అందరం మామా అనే పిలిచేవాళ్ళం. ఆయన మాత్రం నవ్వలేదు.

“పొడి ఇసక ఏమీ చెయ్యదులే అబ్బయ్యా. వానకు ముందర ప్రతి యేడూ ముదీర్ చెప్తాడు, ఆ పొద్దు అందరం ఎక్కి ఊడుస్తాం. నిచ్చెన కొట్టు తాళం ఆయన కాడే గదా ఉండేది.”

ముదీర్ అంటే మా గోదాము మేనేజరు, మాతో అరబ్బీలో హిందీ ముక్కలు కలిపి మాట్లాడేవాడు. ఆయన ఎప్పుడు చెబుతాడా అని నేను ఎదురుచూడడం మొదలుపెట్టాను. బావ రోజంతా కూర్చునే పీట సరిగ్గా ఆ సందు కిందే. మా అక్క నన్ను పంపేటప్పుడు, బావకు కోపం ఎక్కువ, తిండి ధ్యాస తక్కువ, కొంచెం కనిపెట్టుకుని ఉండమని చెప్పి పంపింది. ఆకాశంలో మబ్బు తునక కనిపించినా నాకు లెక్క తప్పేది. కప్పును హిందీలో ఛత్ అంటారని తెలుసు కాబట్టి ఫోను మోగినప్పుడల్లా ఆ మాట కోసమే చెవులు రిక్కించేవాణ్ణి.

పదో పన్నెండో రోజుల తర్వాత, ఒక పొద్దున ఆఫీసు గదిలో ఫోను మోగితే నేనే తీశాను. ముదీర్ బయట ఎక్కడో ఉన్నాడు, వెనక కార్ల రొద. ఆయన గబగబా చెప్పుకుపోయిన దాంట్లో నాకు చిక్కినవి నాలుగే మాటలు. నద్దిఫ్, అంటే శుభ్రం చేయమని. అది మాకు రోజుకు పదిసార్లు వినబడే మాట. తాళం కాపలాదారు దగ్గర ఉందని ఒక మాట. మధ్యలో సాత్ అని రెండుసార్లు, మటర్ అని మూడుసార్లు. చివర యల్లా, కానివ్వండి, అని పెట్టేశాడు. నాకు అంతా తేటగా అర్థమైంది. సాత్ అంటే ఏడు, మటర్ అంటే బఠాణీలు. ఏడో షెడ్డు శుభ్రం చేయాలి, బఠాణీల లోడు వస్తుంది. ఏడో షెడ్డు తాళం కూడా కాపలాదారు దగ్గరే ఉండేది మరి.

సాయిబు మామను తీసుకుని ఏడో షెడ్డుకు పోయాను. తలుపు మీద పెద్ద అక్షరాలతో ‘మటర్’ అని రాశాను. మూలమూలలా ఊడ్చి, బస్తాలు నేల తేమ పీల్చకుండా చెక్కలు పరిచి, మధ్యాహ్నం దాకా లారీ కోసం చూశాం. అన్నం తిన్నాం, మళ్ళీ చూశాం. లారీ రాలేదు గానీ గాలి చల్లబడి, వెలుతురు తగ్గి, రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి.  అప్పుడు కాపలా ఉండే అరబ్బు ముసలాయన, చేతిలో నిచ్చెన కొట్టు తాళం చెవి ఊపుకుంటూ, వానలో తడుస్తూ మా వైపు వచ్చాడు.

“మతర్! మతర్!” అని ఆకాశాన్ని చూపించాడు. తర్వాత కప్పును చూపించి, “సత్హ్!” అని, ఎందుకు ఎక్కలేదన్నట్టు చేతులు తిప్పాడు.

అరబ్బీలో మతర్ అంటే వాన. సత్హ్ అంటే కప్పు. ఏ మాట కోసం పన్నెండు రోజులు కాచుకుని కూర్చున్నానో అది నా చెవిలోనే పడింది, నేను దాన్ని అంకెగా మార్చుకున్నాను. ఏది విన్నా అంకె వినబడడం అంతవరకూ నా గొప్ప అనుకునేవాణ్ణి.

నేను మూడో షెడ్డుకు పరుగెత్తేసరికి వాన బలం పుంజుకుంది. మామ నా వెనకే నిచ్చెన కోసం పోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఒకరు నిచ్చెన పట్టుకుని మిగతా ఆరుగురం పైకెక్కితే అది ఇంకో పదహారు డబ్బాల బరువు, ఆ లెక్క మాత్రం ఆ కంగారులోనూ తప్పలేదు. లోపల బావ పొట్లాలు కడుతూ కూర్చుని ఉన్నాడు.

“బావా, బయటికి రాండి. అందరూ రాండి. కప్పు ఆగదు.”

“ఏంది రా నీ గోల? యీ వానకేనా? మేం పనిజేసుకోవల్లనా, నీ డబ్బాలు లెక్కబెట్టుకోవల్లనా?”

“పదైదు టన్నులు బావా.”

“పోరా, పదైదంట! మొన్న పన్నెండంటివే, ఇంతలోకే పిల్లల్ని పెట్టిందా?”

మిగతా నలుగురూ పకపకా నవ్వారు. ఎంత పెద్ద అంకె చెబితే అంత నవ్వుతున్నారు. ఇంక అంకెలతో పని జరగదని నాకు అప్పుడు తెలిసింది. షెడ్డు తలుపు పైన కడ్డీ మీద జారే రకం, బావ రోజూ సాయంత్రం ఒంటిచేత్తో లాగి మూసేవాడు.

“సరే బావా, ఆ తలుపు ఒక్కసారి మూసి సూపీ. మూసుకున్నిందంటే నేనింక నోరెత్తను.”

విసుక్కుంటూ లేచి వచ్చి లాగాడు. తలుపు జానెడు కదిలి, కీచుమని బిగుసుకుంది. రెండు చేతులతో లాగాడు, కదల్లేదు. తల పైకెత్తి ఆ కడ్డీని చూశాడు. నిన్నటిదాకా గీత గీసినట్టున్న కడ్డీ నడుము దగ్గర వంగి ఉంది. బావ ముఖంలో నవ్వు పోయింది.

“లేయండప్పా,” అన్నాడు. “అన్నీ ఆడే ఇడ్సిపెట్టండి. లేయండి!”

మేము ఏడుగురం ఆవరణలోకి వచ్చి వానలో నిలబడ్డాం. నేను తలలు మూడుసార్లు లెక్కపెట్టాను. చాలాసేపు ఏమీ కాలేదు, ఒకాయన పొట్లాల మిషను కట్టేసి వస్తానని అడుగు కూడా వేశాడు, బావ అతని చొక్కా పట్టుకున్నాడు. అంతలోనే సందు మధ్యలో రేకులు పాత గుడ్డ చినిగినట్టు చినిగి, తడిసిన ఇసుకా టైర్లూ నీళ్ళూ కలిసి ఒక్కసారిగా కిందికి దిగాయి. తర్వాత తవ్వితే బావ పీట రెండు ముక్కలై, అన్నం క్యారేజీ అరచేతి మందాన చదునై దొరికింది.

“ఖలాస్,” అన్నాడు మామ, మెల్లగా.

ముదీర్ వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. కప్పును చూపిస్తూ, నన్ను చూపిస్తూ ఏవో కేకలు వేశాడు.  నేను నోరు తెరిచేలోపే బావ ముందుకు వచ్చి ఆయనతో అరబ్బీలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు అర్థం కాలేదు, ముదీర్ మాత్రం కాసేపటికి మెత్తబడ్డాడు. ఆ గందరగోళంలో నేను ఏడో షెడ్డుకు పోయి, తలుపు మీది అక్షరాలను చొక్కా చేతితో తుడిచేశాను. సగం అప్పటికే వాన తుడిచేసింది.

ఆ వారం నుంచి నేను వీరుణ్ణి అయిపోయాను. నీ తమ్ముడి లెక్క లేకపోతే నీ మెడలో పుస్తెలు ఉండేవి కావని బావ మా అక్కకు ఫోనులో చెప్పాడు. అక్క నా పేర పూజలు చేయించింది. ఊరికి పోయిన ప్రతిసారీ చుట్టాల ముందు బావ ఆ కథ చెప్పేవాడు, డబ్బాలు ఒకసారి ఎనిమిది వందలు, ఒకసారి రెండు వేలు అయ్యేవి, నేను పక్కనుంచి ఐదు వందల పది అని దిద్దేవాణ్ణి. దిద్దవలసిన అసలు తప్పు ఇంకొకటి ఉంది. ఆ పొద్దునే మాట సరిగ్గా విని ఉంటే, వాన రాకముందే ఊడ్చి ఉంటే, కప్పు పడే పనే లేదు. ఆ మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, అందరూ మెచ్చుకుంటున్న వేళ వెనక్కి పోయింది.

బావ పనిమాని ఊరికి వెళ్ళిపోయి ఏళ్ళయింది. మొన్న ఆ శుక్రవారం వడగళ్ళ వీడియో పంపగానే ఫోను చేశాడు.

“ఎన్ని డబ్బాలు రా?” అన్నాడు, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా.

చెప్పాను. గదిలో ఎవరూ లేరు. డబ్బా నా కాళ్ళ దగ్గరే ఉంది. ఎందుకో ఆ పూట ఇంక ఆపుకోలేకపోయాను.

“బావా, నీకొక మాట జెప్పల్ల. ఆ కప్పు పడినప్పుడు, పొద్దున ముదీర్ ఫోను జేసి...”

“అవు, అడుగుదామనుకుంటా మర్సిపోతాండా. ఆ బఠాణీలు వచ్చినాయా రా?”

 అవతల బావ దగ్గుతూ నవ్వుతున్నాడు.

“తలుపు మీద అంతంత అక్షరాలు రాసి పెట్టింటివే, నాకు కండ్లు లేవనుకుంటివా? నీళ్ళు తాగను ఆ దావనే పోతి. బఠాణీలు యాడియబ్బా, రెండేండ్లుగా తెప్పియ్యల్యా అనుకుంటి, నాకూ తట్టల్యా. ముదీర్ మతర్ మతర్ అని అరిసేటప్పుడు తట్టె, యెనక నువ్వు తుడిసేది గూడా సూస్తి. ఫోను గరగరమనె, పిల్లోనికి వినపళ్ళేదని ముదీర్‌కు నేనే గదా జెప్పింది.”

“మరి ఇన్నేండ్లూ ఎందుకు అడగల్యా?”

“నువ్వు జెప్తావేమోనని ఉంటి,” అన్నాడు బావ. తర్వాత అక్క పిలుస్తోందని పెట్టేశాడు.

ఇప్పుడు సబ్హాన్ గోదాముల్లో సుద్దముక్కలు లేవు. బస్తాకో చీటీ, చీటీ మీద గీతలు, వాటిని చూసే యంత్రం. ఏ పని చెప్పినా ఫోటో తీసి, కింద మూడు భాషల్లో రాసి పంపుతారు. కప్పులు ఊడవడానికి వేరే మనుషులు వస్తారు, వాళ్ళకు కింద ఎవరు కూర్చుంటారో తెలియదు, కింద కూర్చునేవాళ్ళకు పైన ఏముందో తెలియదు. ఒక మాటను తప్పుగా వినే వీలు ఎవరికీ లేదు, మంచిదే. ఆ తప్పును చూసి కూడా, చెబుతాడేమోనని ఇన్నేళ్ళు ఊరుకునే మనిషి పక్కన ఉండే వీలు కూడా తగ్గిపోయినట్టుంది.

ఫోను పెట్టేశాక చూస్తే డబ్బాలో వడగళ్ళన్నీ కరిగి సగానికి దిగిపోయాయి. చేతి కాటా తీసి మళ్ళీ తగిలించాను. తొమ్మిది కిలోల రెండు వందలు, ఒక్క గ్రాము తగ్గలేదు. కాసేపు అలాగే పట్టుకుని, చెయ్యి లాగాక దించాను.