ప్రకాశ్ బ్లేడు

మా కోరుట్ల బజారులో చంద్రమౌళి కోసిన ప్లైకి వంక పెట్టినవాళ్లు లేరు. ఆ సంగతి తెలియనిది ఒక్క చంద్రమౌళికే. ఎదురు వరసలో ప్రకాశ్ కూడా ప్లై కోసే మిషను పెట్టిన నాటి నుంచీ అతని చెయ్యి తన పని మీద, చూపు ఎదుటివాడి పని మీద ఉండేవి. మేకులూ బంకడబ్బాలూ అమ్ముకునే నేను వాళ్లిద్దరి మధ్య కూర్చునేవాణ్ణి కాబట్టి ఆ చూపు రోజూ నా ముక్కు ముందు నుంచే పోయేది.

నిజానికి ఊళ్లో ప్యానెల్ సా అనే ఈ కోత మిషను మొదట పెట్టింది చంద్రమౌళే. మస్కట్‌లో ఫర్నిచర్ పని చేసి వచ్చి పెట్టాడు. జారే బల్ల మీద ప్లై పెట్టి ముందుకు తోస్తే, కింద ఒక చిన్న బ్లేడు సన్‌మైకా మీద సన్నటి గాడి గీస్తుంది. దాని వెనకే పెద్ద బ్లేడు అదే గాడిలోంచి కోసుకుపోతుంది. గాడి ఇరుకైతే అంచు పెచ్చులు లేస్తుంది, వెడల్పైతే కింద మెట్టు పడుతుంది. అందుకే చిన్నదీ పెద్దదీ మందంలో జోడు కుదరాలి. ఇదంతా ప్రకాశ్‌కు నేర్పింది కూడా అతనే. అక్కడే కడుపు ఎక్కువ మండేది.

ఒకరోజు మా బజారు ముత్తవ్వ అల్మారా అర ఒకటి చంకలో పెట్టుకుని పోతూ, అడగకుండానే మా ఇద్దరికీ చూపించింది. ప్రకాశ్ కోశాడట, చెయ్యి పెడితే వెన్న లాగా ఉందట. చంద్రమౌళి అడుగు అంచు మీద గోరు నడిపించి, బాగానే ఉందన్నాడు. ఆనాటి నుంచి చెప్పు తెగినట్టో, చిల్లర పడిపోయినట్టో వంగి, ప్రకాశ్ దుకాణం ముందు తుక్కులోంచి ముక్కలు ఏరి వాటి మీదా గోరు నడిపించేవాడు. పనితనం తను నేర్పిందే, మిషన్ ఒకటే, మరి తేడా ఎక్కడుంది? బ్లేడులో ఉండాలి. ఆ లెక్క అతనికి అంత తేలిగ్గా తేలిపోయింది.

సరిగ్గా అప్పుడే సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే అతని బావమరిది మొండయ్య కొత్త ఇంటి వంటగది పని ఒప్పజెప్పాడు. గృహప్రవేశానికి చంద్రమౌళి భార్య అమృత పుట్టింటివాళ్లంతా వస్తారు. నీతోని కాకపోతే చెప్పు బావా, ప్రకాశ్‌ను అడుగుతానని మొండయ్య నవ్వులాటకే అన్నాడు. చంద్రమౌళికి ఆ నవ్వు వినపడలేదు, పేరు మాత్రం వినపడింది. తెల్ల సన్‌మైకా ప్లైలు లారీలో దిగాయి. ఆ వెంటనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, లారీలు రావు, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. పాడు చేసుకుంటే ఇంకో ప్లై దొరకదు.

అంతకుముందే ఇద్దరి పెద్ద బ్లేళ్లూ సాన పట్టడానికి జగిత్యాల వెళ్లి ఉన్నాయి. చంద్రమౌళి బండి మీద బయలుదేరుతుంటే ప్రకాశ్ తనది కూడా పట్టుకురమ్మన్నాడు. సాన పట్టేవాడు పెన్నుతో పేర్లు రాసిపెట్టాడు. చూడటానికి రెండూ అక్కాచెల్లెళ్ల లాగే ఉన్నాయి. దారిలో చంద్రమౌళి బండి ఆపి, గుడ్డకు కాస్త పెట్రోలు తడిపి పేర్లు తుడిచేశాడు. వచ్చాక ప్రకాశ్‌కు తన బ్లేడు ఇచ్చి, ప్రకాశ్‌ది తన మిషన్‌కు బిగించుకున్నాడు.

కరెంటు రాగానే మొదటి ప్లై తోశాడు. తిప్పి చూస్తే అడుగు అంచంతా ఎలుక కొరికినట్టుంది. పెద్ద బ్లేడు ప్రకాశ్‌ది, చిన్నది తనది. పెద్దది తన పాతదాని కన్నా వెంట్రుకవాసి ఎక్కువ మందం, చిన్నది గీసే గాడి దానికి ఇరుకు. తన చిన్న బ్లేడు ఒంటి పలక, దాన్ని పెంచే వీలు లేదు. ఊరికి నేర్పిన పాఠం అసూయలో తనకే గుర్తు రాలేదు. ఎదురుగా ప్రకాశ్ మాత్రం చంద్రమౌళి బ్లేడుతోనే హాయిగా కోసుకుంటున్నాడు. వాడి చిన్న బ్లేడు రెండు పలకలది, మధ్యలో రేకులు వేసి మందం మార్చుకోవచ్చు. మధ్య నుంచి సన్నని రేకు ఒకటి తీసేస్తే గాడి సన్నబడుతుంది, జోడు కుదిరిపోతుంది. తన బ్లేడు వాడి చేతిలో అంత బాగా పాడటం చంద్రమౌళి చూడలేకపోయాడు. షట్టరు సగం దించేశాడు.

మర్నాడు సమ్మెలో భాగంగా రోడ్డు మీద వంటావార్పు, మా బజారు వంతు. వడ్రంగి పనివాళ్లు కట్టెలు తేవాలి. చంద్రమౌళి పాడైన ప్లైని ముక్కలు చేసి, గోనెసంచిలో అన్నిటికన్నా అడుగున కుక్కి తెచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చున్న ప్రకాశ్ సంచిలో చెయ్యి పెట్టి, సరిగ్గా అడుగు నుంచే ఒక తెల్ల ముక్క లాగాడు. అలవాటు కొద్దీ తిప్పి, గోరు నడిపించాడు. చంద్రమౌళి వంకాయల బుట్టలోకి తల దూర్చాడు.

ప్రకాశ్ గొంతు పెంచలేదు. పక్కకు జరిగి, చంద్రమౌళికీ పక్కనున్న నాకూ మాత్రమే వినపడేటట్టు అన్నాడు.

"పెద్దది తీస్కపోయినోనివి, చిన్నది గూడ అడిగితే ఇయ్యకపోదునా అన్నా?"

"నీకు ఎప్పుడు తెలిసింది?" చంద్రమౌళి తల ఎత్తకుండానే అడిగాడు.

"మొదటి కోతకే తెలిసింది. కింద మెట్టు పడ్డది. నువ్వే వస్తవని చూసిన."

చంద్రమౌళి వంకాయ తొడిమలు తీస్తూనే, సిరిసిల్ల పని ఉంది తమ్మీ, ప్లై ఒకటి పోయింది, ఇంకొకటి పోతే అత్తగారింటివాళ్ల ముందు తలెత్తుకోలేనని నెమ్మదిగా చెప్పాడు. ప్రకాశ్ జేబులోంచి ఆ సన్నని రేకు తీసి అతని చేతిలో పెట్టాడు. పెద్దవి ఉన్నచోటే ఉండనీ, నా చిన్నది నువ్వు పెట్టుకో, ఈ రేకు మళ్లీ మధ్యలో వెయ్యి, నీ చిన్నది నాకియ్యి, ఇద్దరికీ జోడు కుదురుతుంది అన్నాడు. ఆ పూట ప్రకాశ్ విస్తట్లో చంద్రమౌళి కూర వడ్డించిన తీరు చూసి, వెనక వరసవాళ్లకు మిగలదేమోనని నేను భయపడ్డాను.

మిగిలిన ప్లైలు కరెంటు ఉన్నంతసేపు అద్దంలా తెగాయి. పోయిన దానికి బదులు లోపలి అరలు పాత చెక్కతో సర్దేశాడు. ట్రాలీ ఆటోలో సామాను సిరిసిల్ల చేరింది. మొండయ్య ప్రతి తలుపు అడుగునా గోరు నడిపించి, ఇంకో గదికి కూడా బావే చెయ్యాలన్నాడు. అమృత ఆ మాట మా దుకాణానికి వచ్చి మరీ చెప్పింది.

చంద్రమౌళి మాత్రం ఊరికి రాగానే ఎదుటి తుక్కులోంచి ఒక ముక్క ఏరాడు. గోరు నడిపించాడు. ఇంకోసారి నడిపించాడు. ఎక్కడా తట్టలేదు. తర్వాత మిషన్‌లోంచి రెండు బ్లేళ్లూ ఊడదీసి, గుడ్డలో చుట్టి, రోడ్డు దాటాడు.

"నావి నాకు ఇచ్చెయ్యి తమ్మీ."

"మంచిగనే కోస్తున్నయి గదనే. ఉండనియ్యరాదు?"

"అందుకే అడుగుతున్న."